హ్యాండ్‌బ్రేక్ సమ్మె

2వ తేదీ, సోమవారం

మా కాలేజీ వెనక ఉన్న పెరడును దొంగిలించినవాడు మా ప్రిన్సిపాల్. పట్టపగలు, సంతకం పెట్టి, ముద్ర వేసి మరీ దొంగిలించాడు. రేపెవరైనా ఈ పోరాట చరిత్ర రాస్తే పనికొస్తుందని అంతా వివరంగా రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం దాకా ఆ పెరట్లో మా కార్లు నిలబడేవి. ఈ ఉదయానికి పూలకుండీలు నిలబడ్డాయి. కుండీకీ కుండీకీ మధ్య తెల్లతాడు, తాడుకు ఒక బోర్డు: 'అతిథుల వాహనాలకు మాత్రమే.' అతిథి ఒక్కడూ లేడు. కుండీలకు మాత్రం ఊరి నడిబొడ్డున మంచి చోటు దొరికింది.

బస్సులో రావచ్చు కదా అని ఆయనగారి ఉవాచ. మాది భవనాలు గీసే చదువు. తలుపంత డ్రాయింగ్ బోర్డు, చుట్టచుట్టిన షీట్లు, అట్టముక్కలతో కట్టిన మోడల్. వీటితో బస్సెక్కితే ఇల్లు ఖాళీ చేసి పోతున్నామనుకుని కండక్టరు జాలిపడతాడు. అందుకే ఊరి చివర ఉండేవాళ్లం ఒక్కో పాత కారులో కొందరం సర్దుకుని వస్తాం. నేను బావ కారులో, ఇక్కడే చదివే అక్కను తీసుకొస్తాను.

నోటీసు బోర్డు మీద దొంగతనానికి రసీదు కూడా అంటించారు. శీర్షిక 'విద్యార్థులకు పార్కింగ్ సదుపాయాలు'. ఒకటి, ఎదుటి షాపింగ్ కాంప్లెక్స్ నేలమాళిగ. రెండు, స్టేడియం మైదానం, అక్కణ్నించి కాలేజీ వ్యాను. మూడు, పక్క సందు. నాలుగు, 'వీలైనవారు వాహనం తేకుండా రావడం'. ఆకలికి నాలుగు మందులు రాసి, నాలుగోది 'ఆకలి వేయకుండా చూసుకోవడం' అన్నట్టుంది.

గేటు దగ్గర కారాపి వాచ్‌మన్ బాబాయ్‌ని నిలదీశాను.

"ఈ తాడెవరు కట్టారు బాబాయ్?"

"నేనే కట్టా బాబూ. ముడి సరిగ్గా పడలేదా?"

"కట్టమన్నదెవరని అడుగుతున్నా!"

"అదా, పైవాళ్లు."

"పైవాళ్లంటే? దేవుళ్లా?"

"రెండో అంతస్తు."

అక్కడే ఆయనకు ఉమ్మడి ఆస్తి అంటే ఏమిటో మొదటినుంచి వివరించాను. శ్రద్ధగా విన్నాడు. వెనక సీట్లో అక్క ఒళ్లో మోడల్ పెట్టుకుని "ఒరేయ్, గేటు మూసేస్తార్రా, తర్వాత చెప్పుకోవచ్చు కదా" అంటూనే ఉంది. అక్కకు చైతన్యం తక్కువ. గేటు మూసేశారు.

అక్కకు ఆలస్యం గుర్తు పడింది. ఇంకొక్కటి పడితే తుది సమీక్షకు పిలవరు. పాప పుట్టినప్పుడు అక్క చదువు మధ్యలో ఆపేసింది. ఆపేసినవాళ్లను కాలేజీ మళ్లీ చేర్చుకునేది ఒక్కసారే, ఇదే ఆ ఒక్కసారి. సమీక్ష పన్నెండో తేదీన.

ఒక ఆడమనిషి చదువుతో ఇలా ఆడుకుంటున్న ప్రిన్సిపాల్‌ని ఏమనాలి?

3వ తేదీ, మంగళవారం

ఒకటో సదుపాయం పరీక్షించాను. నేలమాళిగ. చుట్లు చుట్లుగా దిగుతూ పోవాలి. కళ్లు తిరుగుతాయి. అడుగున అడ్డుకర్ర ఎత్తే యంత్రం చీటీ ఇచ్చింది. అక్కడ గంటసేపు కారు పెట్టడానికి అడిగేదాంతో బావ కారుకు ఒక తలుపైనా కొత్తది వస్తుంది.

పైకి రావాలంటే ఒకటే దారి, ఆడవాళ్ల చెప్పుల కొట్టు మీదుగా. డ్రాయింగ్ బోర్డు అడ్డంగా పట్టుకుని నేను, నా వెనక మోడల్ పట్టుకుని అక్క. కొట్టు అమ్మాయి "ఏ సైజు సార్?" అంది. విజ్ఞానానికి దారి ఎత్తుమడమల చెప్పుల మధ్య నుంచి వేసిన ఘనత మా యాజమాన్యానిదే.

తొమ్మిదిన్నరకు కాలేజీ మెట్ల మీద నిరసన సభ అని తరగతి తరగతికీ చెప్పి వచ్చాను. సభకు నేను, బుల్లెట్ వచ్చాం. బుల్లెట్ మా తరగతివాడే. వాడు కారు నడిపే వేగానికి సైకిళ్లు కూడా విసుక్కుని ముందుకు పోతాయి కాబట్టి ఆ పేరు. మిగతావాళ్లెవరూ రాలేదు. ఈ తరం నిద్రపోతోంది.

4వ తేదీ, బుధవారం

కరపత్రం రాశాను. మొదటి వాక్యం: 'చక్రాలున్న ప్రజలారా!' నాకు చదువు చెప్పింది ఈ కాలేజీ కాదు. రైల్వే స్టేషన్ మెట్ల కింద ఊరికే పంచే కరపత్రాలు. వాటిలో ఏదీ ఇంత బాగా మొదలవలేదు.

అక్క చదివి, "చక్రాలున్న ప్రజలెవర్రా, తోపుడుబండ్లా?" అంది.

5వ తేదీ, గురువారం

రెండో సదుపాయం. స్టేడియం. మైదానం నిండా దుమ్ము, మధ్యలో మా కార్లు, పక్కన వ్యాను. వ్యాను ఎప్పుడు కదులుతుందని డ్రైవర్ని అడిగాను.

"నిండగానే."

"ఎప్పుడు నిండుతుంది?"

"మీలాంటివాళ్లు ఎక్కగానే."

"ఎక్కాం కదా!"

"ఇంకా కొంతమంది మీలాంటివాళ్లు రావాలి."

అక్క గడియారం చూసుకుని దిగిపోయింది. నడుద్దాం అంది. మోడల్ ఆమె చేతుల్లో, బోర్డులు నా నెత్తిన. అక్క కట్టేది ఒక చిన్న కాన్పుల ఆసుపత్రి. వరండా స్తంభాలు అగ్గిపుల్లలతో, కిటికీలు పారదర్శక కాగితంతో. పాపను నిద్రపుచ్చి, వంటగది బల్ల మీద పెట్టుకుని నెలల తరబడి అంటించింది. పెద్ద వంతెన మీదికి రాగానే గాలి కొట్టింది. ఆసుపత్రి కప్పు లేచి రోడ్డు దాటి ఎవరి లారీ మీదో వాలి వెళ్లిపోయింది.

అక్క మిగిలిన గోడల మీద పైట కప్పింది. వేగం పెంచింది. గేటు మూయకముందే లోపల పడ్డాం. నేను దారంతా ప్రిన్సిపాల్ వంశాన్ని తిడుతూనే ఉన్నాను, ఆమె తరఫున కూడా కలిపి.

6వ తేదీ, శుక్రవారం

మూడో సదుపాయం, అంటే పక్క సందు. పెరట్లోకి పోవడానికి కూడా ఉన్నది ఆ ఒక్క సందే. గోడవారగా ఒక వరస కార్లు పడతాయి. ఆ వరస నిండితే మావాళ్లు రెండో వరస పెడతారు. పాత సీనియర్లు వదిలిపోయిన పద్ధతి అది. రెండో వరసలో పెట్టేవాడు గేరు న్యూట్రల్‌లో ఉంచాలి, హ్యాండ్‌బ్రేక్ దించాలి, చక్రాలు తిన్నగా పెట్టాలి. గోడవైపు కారు బయటికి రావాలన్నా, ఎవరైనా లోపలికి పోవాలన్నా అడ్డున్న కారును చేత్తో ముందుకు తోసేయడమే. యజమానిని వెతకనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. మా కాలేజీలో డ్రైవింగ్ నేర్చుకున్నవాడెవడికీ హ్యాండ్‌బ్రేక్ ఎత్తే అలవాటే లేదు. సందు అంతా వాలుగా ఉంటుంది కాబట్టి కార్లు చెప్పినట్టు వింటాయి. చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సందు కాస్త వెడల్పవుతుంది, తోసిన కార్లు అక్కడ ఒక పక్కగా పోగుపడతాయి, ఎదురుగా పెరటి ద్వారం.

ఇంత మర్యాదగా బతుకుతున్న జనాన్ని కుండీలకోసం వెళ్లగొట్టారు.

అక్క ఇకమీదట పెద్ద సిగ్నల్ దగ్గరే దిగిపోతానంది. ఎర్రదీపం పడగానే తలుపు తీసుకుని, కప్పులేని ఆసుపత్రిని గుండెలకు హత్తుకుని పరిగెత్తింది. నేను సందులో చోటు వెతికి, బాబాయ్‌తో చర్చ ముగించుకుని వచ్చేసరికి రెండో పాఠం అయిపోతోంది. నాకు గుర్తులు పడినా ఫర్వాలేదు. నావి ఉద్యమ గుర్తులు.

8వ తేదీ, ఆదివారం

బావ కారు కింద దూరి ఏదో బిగించి బయటికొచ్చాడు.

"ఏం బావమరిదీ, ఎంతవరకొచ్చింది మీ విప్లవం?"

"వెటకారం వద్దు బావా."

"వెటకారం కాదయ్యా. కారు నాది కదా, ఏ జైల్లో వెతుక్కోవాలో ముందే తెలిస్తే మంచిదని. చూడు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తెగి యేళ్లయింది, ఎత్తినా పట్టదు. వాలులో పెడితే గేరులో ఉంచడం మర్చిపోకు."

ఇదంతా నాకు తెలియనట్టు. తర్వాత అక్కను పిలిచి రెండో తాళం చేతిలో పెట్టాడు.

"ఇది నీ సంచిలో ఉంచుకో. మీ తమ్ముణ్ని ఎవరైనా పట్టుకుపోయినా కారు ఇంటికి రావాలి కదా."

"నాకు నడపడం రాదు కదండీ."

"నీకు రాకపోయినా ఫర్వాలేదు. వాడికి రాకుండా పోతుందేమోనని నా భయం."

ఇద్దరూ నవ్వుకున్నారు. మధ్యతరగతి దంపతులు ఎలా నవ్వుకుంటారో ఒక కరపత్రంలో చదివాను. అచ్చం అలాగే.

9వ తేదీ, సోమవారం

బుల్లెట్ పరుగున వచ్చాడు, అంటే కాస్త తొందరగా నడిచి వచ్చాడు.

"గురూ! గురువారం పెద్ద అతిథి వస్తున్నారట. కుండీలకు రంగేస్తున్నారు. బాబాయ్‌కి కొత్త టోపీ ఇచ్చారు."

"మన కాలేజీ ఛైర్మన్!"

"ఛైర్మనని ఎవరూ అనలేదు గురూ."

"కుండీలకు రంగు ఇంకెవరికోసం వేస్తారయ్యా?"

అక్కడే ఆలోచన పుట్టింది. ఛైర్మన్ కారు పెరట్లోకి పోవాలంటే సందులోంచి పోవాలి. సందు మా చేతిలో ఉంది. గురువారం రెండో వరసలో ఎవరూ న్యూట్రల్‌లో పెట్టరు. హ్యాండ్‌బ్రేక్ ఎత్తి, మొదటి గేరులో బిగించి, తలుపులు వేసి వెళ్లిపోతాం. ఒక్క కారూ కదలదు. సందు మొదట్లో, అడ్డంగా, నాయకుడి కారు. ప్రపంచ చరిత్రలో ఇదే మొదటి హ్యాండ్‌బ్రేక్ సమ్మె.

నాయకుడి కారుకు హ్యాండ్‌బ్రేక్ లేదన్న విషయం కరపత్రంలో రాయలేదు. గేరు ఉందిగా.

10వ తేదీ, మంగళవారం

సభ, తొమ్మిదిన్నరకు. బుల్లెట్, నేను, ఇంకా టీ తాగడానికి బయటికొచ్చిన ఇద్దరు. తర్వాత భోజనాల వేళ బల్లబల్లకూ తిరిగి మాట తీసుకున్నాను. అందరూ సరే అన్నారు. నోట్లో ముద్ద ఉండగా కాదనడం కష్టం కూడా.

కొందరు గురువారం మధ్యలో మెత్తబడతారేమోనని అనుమానం వచ్చింది. అందుకే కొత్త నిర్ణయం: తాళాలన్నీ ఒక సంచిలో వేసి ఒకరి చేతికి ఇవ్వాలి. అత్యంత నమ్మకస్తుడికి. బుల్లెట్.

"నీ తాళం కూడానా గురూ?"

"అందరికంటే ముందు నాదే."

11వ తేదీ, బుధవారం

సాయంత్రం అక్క ఆసుపత్రికి కొత్త కప్పు అంటిస్తోంది. పాప పక్కన కూర్చుని జిగురు డబ్బా మూత తీస్తోంది, పెడుతోంది.

"ఒరేయ్, రేపొక్కరోజు ఏ గొడవా పెట్టుకోకురా. రేపు నా సమీక్ష."

"నీకూ గొడవకూ సంబంధమేముంది అక్కా? నువ్వు సిగ్నల్ దగ్గర దిగుతావు, లోపలుంటావు. గొడవ బయట, ఛైర్మన్‌తో."

"ఛైర్మన్ ఎందుకొస్తాడ్రా రేపు?"

"అది మాకు తెలిసిన సంగతి."

ఆమె మళ్లీ కప్పుకు జిగురు పూయడం మొదలెట్టింది. రాజకీయాలు అర్థంకానివాళ్లతో ఇదే ఇబ్బంది. ప్రశ్న అడిగి జవాబు వినరు.

12వ తేదీ, గురువారం

సమ్మె సంపూర్ణ విజయం. భుజం నొప్పిగా ఉంది.

13వ తేదీ, శుక్రవారం

నిన్నటి పేజీ మళ్లీ చదివాను. అందులో భుజం నొప్పి ఒక్కటే నిజం.

అక్క సిగ్నల్ దగ్గర దిగి, కొత్త కప్పు మీద అరచెయ్యి పెట్టుకుని పరిగెత్తింది. వేళకు లోపల పడింది. నేను బావ కారును సందు మొదట్లో అడ్డంగా పెట్టి, గేరులో బిగించి, తాళం బుల్లెట్ సంచిలో వేశాను. స్టేడియంలో కార్లు పెట్టుకునేవాళ్లను కూడా సభకు తెస్తానని బుల్లెట్ వ్యానెక్కి వెళ్లాడు. సంచి కూడా వాడితోనే వెళ్లింది. అప్పుడది నాకు గొప్ప వ్యూహంలా కనిపించింది. శత్రువుకు తాళాలు దొరకవు కదా!

కాసేపటికి సందు మలుపులో హారన్ మోగింది. పొడుగాటి నల్లకారు వస్తుందనుకున్నాను. చిన్న పాతకారు వచ్చింది, మా బావదానికంటే కాస్త నయం. వెనక సీటు నిండా ఒక పెద్దావిడ, ఒళ్లో చేతికర్ర. ప్రిన్సిపాల్ రెండో అంతస్తు నుంచి దాదాపు దొర్లుకుంటూ దిగాడు.

"ఈ కారెవరిది?"

నేను గోడ పక్క దిమ్మె ఎక్కాను. "ఇది కారు కాదు, ప్రశ్న!"

"ప్రశ్నకు నంబరు ప్లేటు కూడా ఉందే. తియ్యి ముందు."

"తియ్యను. ఈ సందులో ఒక్క కారూ కదలదు!"

వాచ్‌మన్ బాబాయ్ కొత్త టోపీ సర్దుకుని, బావ కారు పక్కనుంచి ఒరుసుకుంటూ సందులోకి వెళ్లి, రెండో వరసలో మొదటి కారు మీద రెండు చేతులూ పెట్టాడు. అది కదిలింది. రెండోదాని మీద పెట్టాడు. అదీ కదిలింది. ఒకదాని తర్వాత ఒకటి, వాలు మీద బుద్ధిగా జారుకుంటూ పోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వరసగా నిలబడ్డాయి.

నా చుట్టూ ఉన్న ఉద్యమకారులను చూశాను. ఉద్యమకారులు నేల చూశారు.

"హ్యాండ్‌బ్రేక్ వెయ్యలేదా మీరు?"

"వేద్దామనే అనుకున్నా గురూ. దిగి తలుపేశాక చూస్తే దించేసి ఉంది."

"నువ్వు?"

"నా చెయ్యి దానంతటదే న్యూట్రల్‌లో పెట్టేసింది. అలవాటు కదా."

"మాటిచ్చారు కదా!"

"మాటిచ్చింది నోరు గురూ. కారు పెట్టింది చెయ్యి."

బాబాయ్ చేతులు దులుపుకుంటూ తిరిగి వచ్చాడు. "అన్నీ కదుల్తున్నాయి సార్. బాబుగారి కారొక్కటే కదలటంలేదు."

పెద్దావిడ అద్దం దించింది. "ఏమయ్యా, నువ్వేనా నాయకుడివి?"

"అవును."

"బాగుంది. ఎవరికోసం ఈ ఏర్పాటు?"

"ఛైర్మన్ కోసం."

"ఛైర్మనా! నన్ను చూస్తే ఛైర్మన్‌లా ఉన్నానా? మోడళ్లకు మార్కులేయడానికొచ్చానయ్యా. మధ్యాహ్నం ఇంకో కాలేజీలో వేయాలి."

దిమ్మె మీంచే అన్నాను. "మీరు... ముందు గుమ్మం నుంచి నడిచి..."

"ఈ మోకాలు కొత్తది. ఆ మెట్లు పాతవి. ఒకదానికొకటి పడదు. భవనాలు గీయడం నేర్పే కాలేజీ ముందర అన్ని మెట్లు ఎవరు గీశారో, ఆయనకు నేను సున్నా వేసేదాన్ని." అని ప్రిన్సిపాల్ వైపు చూసింది. "వెనక్కి వెళ్లమంటే వెళ్తానయ్యా. నాకు నష్టమేముంది?"

"మీరు వెళ్లిపోతే సమీక్ష?"

ప్రిన్సిపాల్ చెప్పాడు, పళ్లు బిగించి. "వచ్చే యేడు."

నాకు వచ్చే యేడు ఉంది. ఉద్యమానికీ వచ్చే యేడు ఉంది. అక్కకు లేదు.

బుల్లెట్‌కు ఫోన్ చేశాను.

"గురూ, వ్యాన్లోనే ఉన్నా. కదల్లేదింకా. నిండాలట."

"దిగి పరిగెత్తుకు రారా!"

"నేనా?" అన్నాడు వాడు, నిజంగానే ఆశ్చర్యపోయి.

అప్పుడొచ్చింది అక్క. ఎవరో చెప్పి ఉంటారు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో సంచిలో వెతుక్కుంటూ వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే జవాబు చెప్పడానికి నా దగ్గర సిద్ధంగా ఉంది కూడా. అరవలేదు. బావ ఇచ్చిన రెండో తాళం తీసి, తలుపు తెరిచి, లోపలికి వంగి గేరు కడ్డీని అటూ ఇటూ కదిపి న్యూట్రల్‌లో పడేసింది. కిటికీలోంచి ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని నావైపు చూసింది.

"తొయ్యి."

ఒక్క మాటే. దిమ్మె దిగాను.

నేను ఒక పక్క భుజం ఆనించాను. బాబాయ్ మధ్యలో. కారు మొరాయించింది. అప్పుడు ప్రిన్సిపాల్ కోటు విప్పి నేను దిగిన దిమ్మె మీద పడేసి రెండో పక్కకొచ్చాడు. నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఈ సన్నివేశం లేదు. పీడకుడూ పీడితుడూ ఒకే డిక్కీకి చేతులానించి మూలుగుతున్నారు.

"ఎడమకు తొయ్యవయ్యా నాయకుడా!"

"మీరు తోస్తే కదా సార్!"

"నేను తోస్తూనే ఉన్నాను!"

"తోస్తున్నట్టు లేదు, ఆనుకున్నట్టుంది!"

అక్క స్టీరింగ్ తిప్పింది. జీవితంలో మొదటిసారి. కారు ముక్కు సందులోకి తిరిగింది. తిరిగాక వాలు అందుకుంది. హ్యాండ్‌బ్రేక్ లేదని నాకు తెలుసు, అక్కకు తెలుసు, కారుకు బాగా తెలుసు. అక్క చెయ్యి లాగేసుకుని పక్కకు గెంతింది. బావ కారు ఖాళీ సందులో, ఎవరి సాయమూ లేకుండా, తన ఇష్టానికి పోతోంది. తాడును తెంపుకుంది. 'అతిథుల వాహనాలకు మాత్రమే' బోర్డును మెళ్లో వేసుకుంది. కొత్తగా రంగేసిన కుండీని ఒకదాన్ని పగలగొట్టి, రెండోదానికి ఆనుకుని, పెరటి మధ్యలో హాయిగా ఆగింది.

అందరం పగిలిన కుండీ వైపు చూశాం. బాబాయ్ మాత్రం "ముడి బాగానే వేశా సార్, తాడే పాతది" అన్నాడు.

పెద్దావిడ కారు నెమ్మదిగా వెనకే వెళ్లి బావ కారు పక్కన ఆగింది. ఆమె దిగి, కర్ర ఆనుకుని, ఆ పెరడంతా ఒకసారి చూసింది.

"ఇంత ఖాళీ ఎవరికోసం?"

"తమకోసమేనండీ" అన్నాడు ప్రిన్సిపాల్, కోటు వెతుక్కుంటూ.

"నాకు ఒక్క కారే ఉంది."

15వ తేదీ, ఆదివారం

మొన్న రాయనివి కొన్ని మిగిలాయి.

అక్క గట్టెక్కింది. కప్పు కొత్తగా ఎందుకుందని పెద్దావిడ అడిగిందట. పాతది స్టేడియం దారిలో లారీ ఎక్కి వెళ్లిపోయిందని చెప్పిందట. పెద్దావిడ చాలాసేపు నవ్వి, కాన్పు గదికీ వరండాకీ మధ్య గుమ్మం ఇంకాస్త వెడల్పుగా ఉండాల్సిందని తప్పు పట్టి, మంచి మార్కులే వేసిందట. ఫలితం చెప్పేటప్పుడు అక్క గొంతు మామూలుగానే ఉంది. కానీ పాపను ఎత్తుకుని వంటగదిలో గిరగిరా తిప్పడం తలుపు సందులోంచి చూశాను. బల్ల ఖాళీగా ఉంది.

బుల్లెట్ తాళాల సంచితో మధ్యాహ్నం వచ్చాడు. అప్పటిదాకా ఎవరూ ఇంటికి పోలేకపోయారు. ఇప్పుడు కాలేజీలో నా పేరు 'బ్రేకుల నాయకుడు'. ప్రజలు ఎప్పుడూ ముందు నవ్వుతారు. నవ్వనీ.

ప్రిన్సిపాల్ శుక్రవారం ఉత్తర్వు అంటించాడు. 'కుండీ ధ్వంసంపై విచారణ ముగిసేవరకు సదరు వాహనాన్ని ఉన్నచోటు నుంచి కదపరాదు.' పైకి రెండుసార్లు చదివాను. అంటే ఊరి నడిబొడ్డున, అతిథుల పెరట్లో, ప్రిన్సిపాల్ సంతకంతో, ముద్రతో, పార్కింగ్ హక్కు పొందిన ఏకైక విద్యార్థి వాహనం ఇప్పుడు బావ కారే. దాన్ని లోపలికి తోసినవాళ్లలో ఆయన కూడా ఒకడు. విచారణలో ఆ ముక్క కూడా రాయమంటాను.

మేం బస్సులో తిరుగుతున్నాం. బావ ఏమంటాడో అనుకున్నా. "జైల్లో కాకుండా పెరట్లో ఉందిగా, మంచిదే" అన్నాడు.

ఇందాక కొత్త కరపత్రం రాస్తుంటే అక్క వచ్చి నా భుజం మీంచి చదివింది. నొప్పి ఉన్న భుజమే.

"మళ్లీ తొమ్మిదిన్నరకే పెట్టావేంట్రా?"

"ఎందుకు పెట్టకూడదు?"

"ఆ వేళకు అందరూ క్లాసులో ఉంటారు కదరా."

"చైతన్యం ఉన్నవాడికి..."

"చైతన్యం ఉన్నవాడికి కూడా క్లాసుంటుంది."

పెన్సిలు ఆపేశాను. ఇన్నాళ్లూ ఈ తరం నిద్రపోతోందని రాశాను. ఈ తరం క్లాసులో కూర్చుని ఉందన్నమాట. ముందు పేజీలు తిరగేసి కొట్టేయాలనుకున్నాను. కొట్టేయలేదు. చరిత్రకారులే సవరించుకుంటారు.

"పైగా ఇదేంటి, మళ్లీ సందుకు అడ్డంగా నిలబెడతావా? బయటివాణ్ని ఆపితే నీకేమొస్తుంది? నీ కారు లోపలుండాలి కదా నీకు కావల్సింది" అంది. పెన్సిలు లాక్కుని నా కరపత్రం వెనకే పెరటి గీత గీసింది. బావ కారు ఎక్కడుందో గుర్తు పెట్టి, దాని పక్కనుంచి ఏటవాలుగా గీతలు లాగింది. పాత పద్ధతిలో కంటే ఎక్కువ కార్లు పడుతున్నాయి. ద్వారం పక్కన ఒక చోటు మాత్రం వెడల్పుగా వదిలింది.

"ఇదెవరికి?"

"కొత్త మోకాలున్న అతిథికి."

"సరేలే. నీ చదువు అయిపోయింది కదా అక్కా. రేపట్నుంచి నీకు ఆలస్యం గుర్తులు కూడా లేవు. నీకెందుకు ఈ గొడవంతా?"

"మీ బావ కారు ఇంకా అక్కడే ఉంది కదరా" అంది. పాప చేతిలోంచి జిగురు డబ్బా తీసుకుని మూత బిగించి, లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఎన్నింటికి పెడుతున్నావు మరి?"

పాత కరపత్రం చించేశాను. కొత్తది ఇది. ఈసారి 'చక్రాలున్న ప్రజలారా' లేదు, అక్క తీసేయించింది.

'మిత్రులారా! రేపు సోమవారం ఉదయం ఏడున్నరకు, గేటుకంటే ముందు, క్లాసుకంటే ముందు, సందు మొదట్లో కలుద్దాం. ఇంజన్లు ఆపండి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ దించండి. అది మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కార్లను ఒక్కొక్కటిగా చేతులతో తోసి పెరట్లో పెడతాం. సుద్దముక్కలు అక్క తెస్తుంది, గీతలు ఆమే గీస్తుంది. కుండీలను గోడవారకు జరుపుతాం, ఒక్కటీ పగలగొట్టం. తాళాలు ఎవరివి వాళ్ల జేబుల్లోనే ఉంచుకోండి. తోయడానికి చేతులు కావాలి. ప్రిన్సిపాల్ గారు కూడా రావచ్చు, ఆయనకు అనుభవముంది. ఏడున్నరకు. బుల్లెట్ మాత్రం ఏడింటికే బయల్దేరాలి.'